తులంలో తూగనిది

మా పేరులోనే ఒక స్ఫటికం ఉందంటారు. లవణం మోసినవాళ్లు కాబట్టి లంబానీలు, లంబాడీలు అయ్యారని కొందరు పండితుల మాట. కాదు, వేరే మూలం ఉందనే వాళ్లూ ఉన్నారు. పేరు సంగతి ఎట్లా ఉన్నా, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లదేణి మాత్రం మా తాతలదే. రైలు పట్టాలు పడ్డాక ఆ బతుకు ఆగింది. ఎడ్లు ఆగిన చోట తండాలు లేచాయి. జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కుల్లో మా తండాలు అట్లా నిలిచినవే.

ఉప్పు నీళ్లను ఒక పళ్లెంలో పోసి నీడన కదపకుండా ఉంచితే రెండు మూడు రోజుల్లో అడుగున నాలుగు పలకల చిన్న చిన్న పెట్టెలు కనిపిస్తాయి. వాటిని ఎవరూ చెక్కలేదు. లోపలి కణాలు బారులు తీరి నిలబడితే బయటికి ఆ ఆకారం వచ్చింది. స్ఫటికం అంటే అంతే. ఉప్పుకు నాలుగు మూలల పెట్టె, పలుగురాయికి ఆరు పలకల కడ్డీ, అభ్రకానికి పొరలు పొరలుగా ఊడివచ్చే రేకు. ఏ రాయి పద్ధతి దానిదే.

ఈ సంగతి సొమ్ముల గురించి రాసే వ్యాసంలో ఎందుకంటే, మా సొమ్ముల అందం చాలావరకు ఇక్కడిదే. మా ఆడవాళ్ల చెంపల పక్కన వేలాడే ఘుగ్రి, జుట్టుకు కట్టే టోప్లి, మెడలో హాస్లి, ముక్కుకు భూరియా, చేతులకు బలియాలు, కాంచళి నిండా అద్దాలు, గవ్వలు. వీటిలో ఎక్కడా సన్నటి తీగల పువ్వుల పని పెద్దగా ఉండదు. ముద్దగా, బరువుగా, పలకలు పలకలుగా ఉంటాయి. ఒకే చిన్న ఆకారం మళ్లీ మళ్లీ పక్కపక్కన చేరి పెద్ద ఆకారం అవుతుంది. గుండు పక్కన గుండు, అద్దం పక్కన అద్దం, గవ్వ పక్కన గవ్వ. పళ్లెం అడుగున ఉప్పు పెరిగిన తీరు కూడా ఇదే. పడమటి దేశాల కుట్టుపనిలో గాజు అద్దాల కంటే ముందు అభ్రకం రేకులు కుట్టేవారని చెబుతారు. మేం వచ్చింది ఆ దారినే. గాజు కూడా ఇసుకను కరిగిస్తే వచ్చిందే, ఇసుక పలుగురాయి పొడే. గవ్వ గట్టిదనం కూడా ఒక ఖనిజానిదే. మా ఒంటి మీద ఉన్నదంతా భూమి లోపలి వస్తువే అనుకుంటే తప్పు లేదు.

అయితే ఆ సొమ్ములు ఇప్పుడు ఎక్కడున్నాయి? పట్నంలో అమ్మకానికి వెళ్లిన ప్రతి ఇంటికీ ఈ జవాబు తెలుసు. బోరు వేయించడానికి కొన్ని, ఆస్పత్రి ఖర్చుకు కొన్ని, పిల్లల కాలేజీ ఫీజుకు కొన్ని. మేమూ వెళ్లాం. ఒక దుకాణంలో హాస్లిని, ఘుగ్రి జతను త్రాసులో వేశారు. "పాత సరుకమ్మా ఇది, కరిగిస్తే సగం మురికే పోతది" అన్నాడు కొనేవాడు. మాతో వచ్చిన దాదీ "బిడ్డా, ఇది మా అత్త పెట్టింది, దీని పని చూడు" అంది. "పనికి పైసలు రావు, తూకానికే వస్తయి" అన్నాడు. ఆ మాటలో అతని మోసం ఎంత, బజారు పద్ధతి ఎంత అని మేం తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. పద్ధతే ఎక్కువ అని తేలింది. బజారుకు తెలిసింది తూకం ఒక్కటే. అదే వస్తువు ఇంకో చేతి మీదుగా నగరంలోని పెద్ద దుకాణానికి చేరితే, అక్కడ అద్దాల బీరువాలో ‘ట్రైబల్ జువెలరీ’ అనే చీటీతో కూర్చుంటుంది. అక్కడ దానికి పని ధర పడుతుంది. చీటీ మీద తండా పేరు ఉండదు, ఆ సొమ్ము పేరూ ఉండదు.

తూకమే మాట్లాడుకుందాం అంటే, తూకం కూడా మాకు తెలిసి ఉండాలి. మా పెద్దవాళ్ల మెడల్లో రూపాయి బిళ్లల హారాలుండేవి. పాత బ్రిటిష్ రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం. 1940 తర్వాతి బిళ్లల్లో వెండి సగానికి పడిపోయింది. 1947 నాటికి రూపాయి నికెల్ అయింది. నిజాం హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే బిళ్ల మీది సంవత్సరం చదవగలిగితే అందులో వెండి ఎంతో చెప్పవచ్చు. ఇప్పుడు మన దిక్కు చాలా దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. "బిళ్లకో తులం" అని లెక్కగట్టి 10 గ్రాముల ధర ఇస్తే, 20 బిళ్లల హారానికి 33 గ్రాములకు పైగా బరువు లెక్కలోకే రాదు. లెక్కల సార్లు ఈ ఒక్క లెక్కను తండా పిల్లలతో తరగతిలో చేయిస్తే బాగుంటుంది. భిన్నాలు, శాతాలు రెండూ వస్తాయి. ఇంటికి వెళ్లి దాదీ పెట్టె తెరిపించే పనీ అవుతుంది. ‘జర్మన్ సిల్వర్’ పేరుతో వచ్చే కొత్త నగల్లో వెండి అసలు ఉండదని, అది రాగి, జింకు, నికెల్ కలిపిన లోహమని కూడా అప్పుడే చెప్పవచ్చు.

తూకంలో తూగని దాని సంగతికి వద్దాం. దానికోసం మన కాళ్ల కింది నేలను ఒకసారి చూడాలి.

మా జిల్లాలో బయ్యారం గుట్టల్లో ఇనుపరాయి ఉంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సంగతి పరిశీలించాలని రాసుకున్నారంటే దానికి వెనక ఉన్నది ఈ రాయే. 2016లో జిల్లాలు విడిపోయి బయ్యారం మహబూబాబాద్‌లోకి వచ్చింది. ఇక్కడి యువకులకు ఇనుము అంటే ఉద్యోగం మాట, ధర్నా మాట. కానీ అదే ఇనుము ఎన్ని వేషాలు వేసిందో చూడండి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్ట మీద, ఇసుకరాతి గోడలకు ఆదిమ మానవులు ఎర్రరంగుతో బొమ్మలు వేశారు. ఆ ఎరుపు కావిరాయిది. కావి అంటే ఇనుము గాలితో కలిసి తుప్పు పట్టిన ఖనిజమే. మా పక్క జిల్లాలో, కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేటలో ముదురు ఎరుపు గార్నెట్ రాళ్లు దొరుకుతాయి. 12 పలకలతోనో 24 పలకలతోనో బంతిలా ఉండే ఆ స్ఫటికం ఎర్రగా ఉండడానికి కారణం కూడా ఇనుమే. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత గార్నెట్ పూసలకు, గరీబ్‌పేట రాళ్లకు పోలిక ఉందని రత్నాలను పరీక్షించే పరిశోధకులు చూపారు. రోమన్ ఓడలు వచ్చిన రేవు అది. మన అడవి పక్కన దొరికిన రాయి అంత దూరం నడిచింది. ఎవరు మోశారో, ఏ ఎడ్ల మీద పోయిందో రాసిపెట్టిన వాళ్లు లేరు.

ఇనుము నాలుగో వేషం నలుపు. రామప్ప గుడి చూరు కింద నిలబడిన మదనికలది ఆ నలుపు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 2016లో భూపాలపల్లి జిల్లాలో ఉండేది, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. మదనికలను చెక్కింది డోలరైట్ అనే రాతిలో. ఆ రాయినే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబు స్ఫటికంలోనే ఉంది. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారితే స్ఫటికాలు పెద్దగా పెరుగుతాయి. అది గ్రానైట్. మానుకోట చుట్టూ క్వారీల్లో కోసే రాయి అదే. దాన్ని దగ్గరగా చూస్తే తెల్ల పలుగు, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం గింజలు విడివిడిగా కనిపిస్తాయి. సన్నని పని చేయబోతే గింజకు గింజ ఊడి వస్తుంది. డోలరైట్ సందుల్లోకి చొచ్చుకొచ్చి త్వరగా చల్లారిన రాయి. దాని స్ఫటికాలు చాలా చిన్నవి, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. అందుకే మదనిక మెడలోని హారంలో పూస పూసకూ మధ్య సందు చెక్కగలిగారు. కాలి అందె కింద నీడ పడేలా తొలిచారు. అద్దంలా నునుపు పెట్టారు. గణపురం కోటగుళ్లలో ఉన్న మదనికలనూ ఈ కంటితో చూడండి. సొమ్ములను రాతిలో చెక్కిన శిల్పి ముందుగా రాతి లోపలి గింజను చదివినవాడు.

జనగామ దగ్గరి పెంబర్తి పనివాళ్లకు లోహంలో అదే చదువు వచ్చు. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి సుత్తితో కొట్టి ముందుకు బొమ్మ తేలుస్తారు. కొడుతూ పోతే రేకు గట్టిపడి పగలబోతుంది. అప్పుడు ఎర్రగా కాల్చి చల్లారుస్తారు, రేకు మళ్లీ మెత్తబడుతుంది. లోహం కూడా స్ఫటికాల పోగే. సుత్తి దెబ్బకు అవి నలిగి బిగుసుకుంటాయి, వేడికి కొత్తవి పుడతాయి. పుస్తకం లేకుండా ఈ సంగతి తరతరాలుగా తెలిసిన చేతులవి. పెంబర్తి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా సొమ్ములు చేసిందీ ఇట్లాంటి చేతులే. మా తండాల్లో కొలిమి పెట్టినవాళ్లు తక్కువ. ఊళ్లోని ఔసలి దగ్గర కూర్చుని "ఇట్లా కావాలె, ఇంత బరువు కావాలె, ఇక్కడ మూడు గుండ్లు రావాలె" అని చెప్పి చేయించుకున్నవాళ్లు మా ఆడవాళ్లు. ఆకారం ఆమెది, చేయి ఔసలిది. ఈ రెండూ కలిసిన పనికి ఒక పేరు రాసిపెట్టుకోకపోవడం వల్లే అది ఇవాళ తూకానికి దొరికిపోతోంది.

బయటి ప్రపంచం ఇదే స్ఫటికాన్ని చూసి ఏం చేసిందో ఇప్పుడు చెప్పాలి. 1948లో లండన్‌లో ఒక నగల కార్ఖానాకు ఇద్దరు వ్యాపారులు పెట్టెడు బ్రెజిల్ రాళ్లు తెచ్చారు. ఆ కార్ఖానాలో ఆండ్రూ గ్రీమా అనే యువకుడు ఉన్నాడు. చదివింది ఇంజనీరింగ్, నగల పని ఎక్కడా నేర్చుకోలేదు. ఆ రాళ్లన్నీ కొనిపించి, సాన పట్టకుండా, అవి పెరిగిన ఆకారంలోనే బంగారంలో కూర్చడం మొదలుపెట్టాడు. బంగారాన్ని కూడా నునుపు చేయకుండా గరుకుగా వదిలేసేవాడు. 1960లలో బ్రిటన్ రాజకుటుంబం ఆ నగలు పెట్టుకుంది. ఆధునిక నగ అంటే ఇట్లా ఉంటుందని లోకం ఒప్పుకుంది. గరుకుగా, బరువుగా, రాయి రాయిలాగే కనిపించే నగను మా దాదీలు వేసుకుంటే మోటు అన్నారు. లండన్‌లో వేసుకుంటే డిజైన్ అన్నారు. గ్రీమా మీద మాకు కోపం లేదు. ఆయన కన్ను మంచిది. మన కన్ను కూడా అంత మంచిదేనని మనవాళ్లకు ఎవరూ చెప్పలేదన్నదే మా బాధ.

శిల్పంలో ఇంకా వింత సంగతి ఉంది. 2008లో రోజర్ హయార్న్స్ అనే శిల్పి లండన్‌లో పేదల కోసం కట్టిన ఒక పాత సర్కారు ఇంటిని తీసుకున్నాడు. కూల్చడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు అది. గదులను మూసి, 75,000 లీటర్ల కాపర్ సల్ఫేట్ ద్రావణం నింపాడు. కొన్ని వారాల తర్వాత మిగిలిన నీళ్లు తోడేస్తే గోడలు, కప్పు, స్నానాల తొట్టి అన్నీ నీలం స్ఫటికాలతో నిండిపోయాయి. జనం బూట్లు, చేతి తొడుగులు వేసుకుని వెళ్లి చూశారు. తర్వాత ఆ గదిని అట్లాగే పెకలించి 2013లో యార్క్‌షైర్ శిల్పాల వనంలో పెట్టారు. కాపర్ సల్ఫేట్ అంటే మనకు కొత్తదేం కాదు. తోటలకు సున్నంతో కలిపి కొట్టే మైలుతుత్తం. మన బడి ప్రయోగశాల బీరువాలో దుమ్ము పట్టి ఉండే నీలం సీసా. అక్కడి శిల్పికి అది ఒక ఇంటి కథ చెప్పే పనిముట్టు అయింది. మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలింది.

దగ్గరి మనిషి పేరు కూడా చెప్పుకోవాలి. మా పొరుగున సూర్యాపేటలో 1956లో పుట్టిన శిల్పి జి. రవీందర్ రెడ్డి పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు చేస్తాడు. కొప్పు, పూలు, సొమ్ములు, బంగారు రేకు అద్దిన మొహం, గుచ్చి చూసే కళ్లు. మన ఊళ్ల ఆడవాళ్ల మొహాలే ఆ శిల్పాల్లో ఆనవాలు పడతాయి. అవి దేశదేశాల ప్రదర్శనల్లో నిలబడ్డాయి. ఊరి మనిషి అలంకరణలో ఆధునిక శిల్పం ఉందని ఆయన చూపించాడు. ఘుగ్రి వేసుకున్న లంబాడీ తల, చెవి నిండా సొమ్ములున్న కోయ తల మన పిల్లల చేతిలో శిల్పం కావడానికి అడ్డం ఏముంది?

అడ్డం ఉంది. హాస్టల్లో చదివే మా ఆడపిల్లలు సొమ్ముల పేరెత్తితే ముఖం తిప్పుకుంటారు. ఫేటియా, టుక్రితో తల్లి హాస్టల్ గేటు దగ్గరికి వస్తే తోటి పిల్లలు నవ్విన నవ్వు వాళ్లకు గుర్తు. మళ్లీ రెండు కిలోల బరువు మోయమని మేం వాళ్లను అడగం. ఎండలో పత్తి ఏరే ఒంటికి ఆ బరువు ఎంత కష్టమో యాడీలకు తెలుసు. వాళ్లు తీసేశారంటే తప్పు కాదు. వేసుకోవడం వేరు, తెలుసుకోవడం వేరు. వేసుకోకపోయినా ఆ ఆకారాన్ని కాగితం మీద దింపవచ్చు. దాంట్లోంచి చెవికి వేసుకునే తేలిక సొమ్ము చేయవచ్చు. మట్టితో, ఇత్తడితో, క్వారీ దగ్గర పారేసిన రాతి ముక్కతో కొత్త బొమ్మ కట్టవచ్చు.

చిన్నప్పుడు మేం రాత్రిపూట రెండు పలుగురాళ్లు తెచ్చి, దుప్పటి కప్పుకుని, ఒకదానితో ఒకటి రాపాడించేవాళ్లం. లోపల మసక వెలుతురు వచ్చేది, కాలిన వాసన వచ్చేది. దయ్యం రాళ్లు అని భయపడేవాళ్లం, మళ్లీ రాపాడించేవాళ్లం. స్ఫటికాన్ని నలిపితే వెలుగు రావడం శాస్త్రానికి తెలిసిన సంగతేనని చాలా ఏళ్లకు తెలిసింది. తండాలో పుట్టిన ప్రతి పిల్లకూ రాళ్లతో ఇట్లాంటి దోస్తీ ఉంటుంది. బడి దాన్ని అడగాలి, అంతే.

పని చేయాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొన్ని మాటలు. రాయి కోసేటప్పుడు, సాన పట్టేటప్పుడు తడి చేసి కోయాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. పలుగుపొడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బు తిరిగి పోదు. క్వారీ కూలీల దగ్గు మనం విన్నదే. మైలుతుత్తం విషం, చేతికి తొడుగు లేకుండా ముట్టవద్దు, పసిపిల్లలున్న ఇంట్లో ఉంచవద్దు. పాండవుల గుట్ట నుంచి, కోటగుళ్ల నుంచి చిన్న ముక్క కూడా తేవద్దు. అవి అందరివీ.

చట్టం కూడా తెలియాలి. బయ్యారం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు కావాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. గుట్టలో ఏ రాయి ఉందో, అది దేనికి పనికొస్తుందో తెలియని గ్రామసభ సంతకం పెట్టడం తప్ప ఏం చేయగలదు? రాయిని చదవడం కళాకారుడికి ఎంత అవసరమో, సభలో కూర్చునే యువకుడికీ అంతే అవసరం.

విలువ తూకంలోనే లేదని మనకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. మేడారంలో మనం బెల్లాన్ని బంగారం అంటాం. నిలువెత్తు బంగారం తూచి తల్లులకు ఇచ్చి, దాన్నే ప్రసాదంగా పంచుకుంటాం. ఏది బంగారమో నిర్ణయించే హక్కు మన దగ్గర ఉంచుకున్న చోటు అది. సొమ్ముల విషయంలోనూ ఆ హక్కును వదులుకోవద్దు.

టీచర్లను మేం అడిగేది పెద్ద పని కాదు. ఈ ఎండాకాలం సెలవుల్లో ప్రతి పిల్లా తన ఇంట్లో మిగిలిన ఒక్క సొమ్మును బొమ్మ గీసి తేవాలని చెప్పండి. బొమ్మ పక్కన ఆరు సంగతులు రాయించండి: దాని పేరు మన భాషలో, ఎవరు వేసుకున్నారు, ఎవరు చేశారు, ఏ లోహం ఏ రాయి, ఎన్ని గ్రాములు, ఎప్పుడు వేసుకునేవారు. ఇంట్లో సొమ్ము లేకపోతే అమ్మేసిన దాని గురించి దాదీని అడిగి గీయించండి. ఆ బొమ్మలన్నీ కుట్టి బడిలో ఒక పుస్తకంగా పెట్టండి. రేపు కష్టం వచ్చి ఆ ఇల్లు వెండిని అమ్ముకోవలసి వచ్చినా, ఆకారం బడిలో ఉంటుంది. దాన్ని చూసి కొత్తది చేయగల పిల్ల అదే తరగతిలో కూర్చుని ఉంటుంది.